పాత మోటారు బండ్లు, పాత ఫొటోలు



ఈ ప్రసంగమునకు విషయము మోటారు బండ్లు. ఇది విని మీలో కొందఱు నవ్వుకొందురేమో. పంటలను గూర్చియో పురాణములను గూర్చియో చెప్పవలసిన చోట ఇంగ్లీషువారి మోటారు బండ్ల గోల మనకేల యని తోఁచుట సహజమే. కాని యీ కథ నడుమ మన సిద్దిపేట సడక్కు గలదు, మన పూర్వుల చెమట గలదు, మన యింటి పెట్టెలలో నడుగునఁ బడియున్న ఫొటోలు గలవు. కావున కొంచెము ఓపికతో వినవలెనని ప్రార్థన.

ఇంగ్లాండులోను, మన దేశపు పెద్ద నగరములలోను పాత బండ్ల యభిమానులు కొందఱు గలరు. ఏఁబది, అఱువది యేండ్ల క్రిందటి బండిని ప్రాణముగాఁ జూచుకొందురు. ఏడాదికి ఒకటి రెండు మాఱులు ఒక మైదానమునఁ జేరి, బండ్లను వరుసగా నిలిపి, పాత ఫొటోలు ఒకరి కొకరు చూపుకొందురు. "ఇది మా తండ్రి కొన్న నాఁటి పటము, ఇది ఘాటు రోడ్డులో చక్రము ఊడిననాఁటిది" అని చెప్పుకొని మురియుదురు. వారు కాపాడుచున్నది ఇనుమును మాత్రమే కాదు. ఆ యినుము చుట్టు నల్లుకొన్న తమ వంశపు జ్ఞాపకమును గూడ. ఈ యలవాటులో మనము నేర్చుకొనవలసినది కొంత గలదు. అది చెప్పుటకు ముందు, ఆ బండ్ల పుట్టుక చెప్పెదను.

ఇంగ్లాండులో 1865వ సంవత్సరమున నొక చట్టము చేసిరి. ఆవిరితో నడచు బండి బాటపైఁ బోవునపుడు, దానికి అఱువది గజముల ముందు ఒక మనుష్యుఁడు ఎఱ్ఱజెండా పట్టుకొని నడువవలెను. పల్లెలలో గంటకు 4 మైళ్లు, పట్టణములలో 2 మైళ్లు మించరాదు. గుఱ్ఱములు బెదరునని, జనము నలుగుదురని వారి భయము. 1878లో ఈ నియమమును కొంత సడలించిరి. 1896లో పూర్తిగాఁ దీసివేసిరి. ఆ యేడు నవంబరు 14వ తేదీన మోటారు వారు పండుగ చేసికొని లండను నుండి సముద్రతీరమునఁ గల బ్రైటను పట్టణమునకు బండ్లు తోలిరి. ఆ యాత్ర పేరే విముక్తి యాత్ర. దాని జ్ఞాపకార్థము 1927 నుండి పాత బండ్లతో ఆ బాటనే యాత్ర సాగించుచున్నారు. బయలుదేరుటకు ముందు ఒక ఎఱ్ఱజెండాను చింపుట వారి యాచారము. బండి ముందు మనిషి నడచుట యనునది గుర్తుంచుకొనుఁడు. ఈ మాట మరల వచ్చును.

పిదప బండ్లు వేగమెక్కెను. ధనవంతులకు పెద్ద బండ్లు, సామాన్యులకు చిన్న బండ్లు వచ్చెను. ఈ రెంటి నడుమ మూఁడవ రకము పుట్టెను. దానినే స్పోర్ట్సు కారు అందురు. ఇద్దఱే కూర్చుండఁగలరు, పైకప్పు గుడ్డది, విప్పివేయవచ్చును, బరువు తక్కువ, ఒడుపు ఎక్కువ. సంసారమును మోయుటకుఁ గాక తోలువాని సంతోషముకొఱకే పుట్టిన బండి యది. మన యెడ్ల పందెములలో కట్టు తేలిక బండికిని, ధాన్యము మోయు పెద్దబండికిని గల భేదమెట్టిదో ఇదియు నట్టిదే.

ఆక్స్‌ఫర్డు పట్టణమున మోరిస్ గ్యారేజెస్ అను దుకాణ ముండెను. దాని మేనేజరు సెసిల్ కింబర్ అనునతఁడు 1920వ దశకమున సాధారణమైన మోరిస్ బండ్లకు అందమైన తేలిక యొడళ్లు తొడిగి అమ్మసాగెను. దుకాణము పేరులోని రెండు మొదటి యక్షరములే ఎం.జి. యను పేరైనవి. 1929 నుండి ఆబింగ్డను అను చిన్న ఊరి కార్ఖానాలో ఆ బండ్లు తయారైనవి. రెండవ మహాయుద్ధము ముగిసిన 1945లో ఎం.జి. టి.సి. యను బండి వెలువడెను. 1949 వఱకు సుమారు పదివేలు చేసిరి. దాని యింజను 1,250 ఘనపు సెంటీమీటర్లది. శక్తి 54 గుఱ్ఱములది. ఇంగ్లాండునకు వచ్చిన అమెరికా సిపాయిలు ఈ రకపు బండ్లను చూచి మోహించి తమ దేశమునకుఁ గొనిపోయిరి.

మన వడ్రంగులు వినవలసిన మాట యొకటి గలదు. ఆ బండి పైకి రేకుగాఁ గనఁబడినను లోపలి చట్రము చెక్కదే. యాష్ అను చెట్టు కఱ్ఱను చెక్కి, అతికి, దానిపై రేకు తొడుగుదురు. ఆ కఱ్ఱ వంగునే కాని విఱుగదు. మనవారు బండికి తుమ్మ కఱ్ఱను ఎన్నుకొనునట్లే వారును కఱ్ఱ గుణ మెఱిఁగియే ఎన్నుకొనిరి. మోర్గాన్ అను కంపెనీవారు ఇప్పటికిని యాష్ కఱ్ఱ చట్రముతోనే బండ్లు చేయుచున్నారు.

ఇఁక జాగ్వారు కథ. 1922లో బ్లాక్‌పూల్ పట్టణమున విలియం లయన్స్, విలియం వామ్‌స్లీ అను ఇద్దఱు యువకులు మోటారు సైకిలు ప్రక్కఁ దగిలించు తొట్టెలు చేయుచు వ్యాపార మారంభించిరి. పిదప బండ్లే చేసిరి. 1935లో ఒక రకమునకు జాగ్వారు అను పేరు పెట్టిరి. కంపెనీ పేరు ఎస్.ఎస్. అని యుండెను గాని, ఆ యక్షరములకు హిట్లరు సైన్యము వలన చెడ్డపేరు వచ్చినందున యుద్ధానంతరము దానిని వదలి జాగ్వారు పేరే నిలుపుకొనిరి. 1948లో వారు చూపిన ఎక్స్.కె. 120 అను బండి పేరులోని సంఖ్య దాని వేగము: గంటకు 120 మైళ్లు.

ఇవన్నియు పరదేశపు సంగతులు. మన హైదరాబాదు సీమకు ఇంగ్లీషు బండి యెట్లు వచ్చెను?

ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను రోల్సురాయిస్ కంపెనీకి ఒక బండి చేయుమని చెప్పెను. ఆ రకము పేరు సిల్వర్ ఘోస్ట్, అనఁగా వెండి భూతము. చప్పుడు లేక నడచుటచే ఆ పేరు వచ్చినది. దాని ఒడలిని లండనులోని బార్కరు కంపెనీవారు కట్టిరి. ఆసఫ్‌జాహీల పసుపు రంగు వేసిరి. వెనుక కూర్చుండు చోటును సింహాసనమువలె ఎత్తుగాఁ జేసిరి. కాని మహబూబ్ అలీఖాను 1911లోనే గతించెను. బండి ఆయన కుమారుఁడు ఉస్మాన్ అలీఖాను కాలమున హైదరాబాదు చేరెను. అది నడచిన దూరము మిక్కిలి స్వల్పము. ఏనుఁగు అంబారీవలె ఊరేగింపునకే గాని ప్రయాణమునకుఁ బుట్టినది కాదు. ఏడవ నిజాము 1967లో గతించిన తరువాత రాజభవనములలోని బండ్లు చాల కాలము దుమ్ములో నుండెను. పిదప ఈ సింహాసనపు బండిని బాగుచేయించిరి. నేఁడు చౌమహల్లా భవనమున దానిని చూడవచ్చును. పురానీ హవేలీలోని నిజాము మ్యూజియమున 1930వ సంవత్సరపు రోల్సురాయిస్‌తోపాటు ఒక జాగ్వారు మార్క్ ఫైవ్ గూడఁ గలదు. ఈ రకపు జాగ్వారును 1948 మొదలు 1951 వఱకు చేసిరి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమునఁ గలిసెను. రాజ్యము పోవుచున్న యేండ్లలోఁ బుట్టిన బండి యది.

బండిని చూచి ముచ్చటపడుట తప్పు కాదు. పనివాని నేర్పు ఎక్కడ నున్నను మెచ్చఁదగినదే. ఐనను ఆ కాలపు ఫొటోలలో లేని సంగతి యొకటి చెప్పక తీఱదు.

ఇంగ్లాండులో బండి ముందు ఎఱ్ఱజెండాతో నడచినవాఁడు కూలి పుచ్చుకొని నడచెను. తెలంగాణపు పల్లెలలో దొర బండి కట్టించుకొని పయనమైనపుడు దాని ముందును వెనుకను పరుగెత్తినవారు గలరు. వారికి కూలి లేదు. అది వెట్టి. ఎండలోనైనను వానలోనైనను, దారి చూపుటకును బరువు మోయుటకును వారు పరుగెత్తవలసినదే. దొరసానులు మేనాలో పోయినపుడు దానిని మోసినవారును వెట్టివారే. ఈ దురాచారముపై ఆంధ్ర జనసంఘమువారు 1920వ దశకమునందే పుస్తకములు వేసి, సభలు చేసి పనిచేసిరి. 1930లో మన పూర్వపు మెదకు జిల్లాలోని జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను మొదటి ఆంధ్ర మహాసభ జరిగెను. తరువాత 1946 నుండి 1951 వఱకు సాగిన రైతు పోరాటములో వెట్టి మాన్పుట ముఖ్యమైన కోర్కె. 1949 ఆగస్టులో జాగీరులు రద్దయ్యెను. దేశమంతట వెట్టి చాకిరిని నేరముగాఁ జేసిన చట్టము 1976లో వచ్చెను.

మోటారు ముందు మనిషి పరుగెత్తఁజాలఁడు. కాఁబట్టి మోటారు వచ్చుటతోనే వెట్టివాఁడు విడుదల యయ్యెనని కొందఱు తలంపవచ్చును. అది నిజము కాదు. దొర మోటారెక్కినను వెట్టి పోలేదు. పరుగు మాఱి మఱియొక చాకిరి యయ్యెను. యంత్రము దానంతట అది ఎవ్వరిని విడిపింపదు. ఇంగ్లాండులోనైనను జెండావానిని తొలఁగించినది ఇంజను కాదు, చట్టము. ఇక్కడ చట్టము వచ్చుటకు ముందు జనము నిలువవలసి వచ్చెను.

ఐనను మోటారు వలన సామాన్యునకు మేలు జరుగలేదా? జరిగెను. అది దొర కారు వలనఁ గాదు, బస్సు వలన.

సిద్దిపేట యునికిని ఒకసారి తలఁచుకొనుఁడు. నిజాము రాజ్యమున రైలు 1874లో వాడి నుండి సికింద్రాబాదు వఱకు వచ్చెను. తరువాత నొక దారి కాజీపేట మీఁదుగా తూర్పునకు బెజవాడకుఁ బోయెను. మఱియొకటి నిజామాబాదు మీఁదుగా పడమటికి మన్మాడు చేరెను. ఈ రెండు దారుల నడుమ సిద్దిపేట రైలు లేని ఊరుగా నిలిచిపోయెను. మన పట్టణమునకు రైలుబండి వచ్చినది 2023వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన. అంతదాఁక హైదరాబాదు నుండి కరీంనగరునకుఁ బోవు సడక్కే మన గంగ, మన గోదావరి. రోగి పోవలెనన్నను, వ్యాజ్యమునకుఁ బోవలెనన్నను, గొల్లభామ చీర అంగడికిఁ జేరవలెనన్నను, పిల్లవాఁడు పై చదువునకుఁ బోవలెనన్నను ఆ బాటయే దిక్కు.

1932 జూనులో నిజాము రాష్ట్ర రైల్వేవారు రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. అప్పుడు వారికున్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఆ బస్సులు స్కాట్లండులోని గ్లాస్‌గో నగరమునఁ జేసిన ఆల్బియను బస్సులు. 1899లో స్థాపితమైన ఆ కంపెనీ గుర్తు ఉదయించు సూర్యుఁడు. సూర్యోదయమువలె తప్పదని వారి బిరుదు వాక్యము. రైలును బస్సును ఒకే యాజమాన్యము క్రింద ప్రభుత్వమే నడుపుట ఆనాఁటి మన దేశమున క్రొత్త సంగతి. 1951లో ఈ శాఖ రైల్వే నుండి వేఱుపడి హైదరాబాదు రాష్ట్రపు రవాణా శాఖ యయ్యెను. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ. ఇప్పుడు తెలంగాణ సంస్థ. ఆ మొదటి కాలపు ఆల్బియను బస్సు నొకదానిని రవాణా సంస్థవారు హైదరాబాదున భద్రపఱచియున్నారు. రాజుగారి సింహాసనపు బండిని చూచి వచ్చినవారు దీనిని గూడఁ జూచి రావలెను. ఒకటి మన తాతలు చేతులు జోడించి చూచిన బండి. రెండవది వారు టిక్కెట్టు కొని యెక్కిన బండి. చేతిలో డబ్బున్నచో పటేలు ప్రక్కనే పాలేరును కూర్చుండఁగలిగెను. ప్రక్కకు జరుగుమన్న మాట వినఁబడలేదని కాదు. కాని టిక్కెట్టునకు కులము లేదు.

ఆ బండ్లను నడుపుట యెంత కష్టమో నేఁటి పిల్లలకుఁ దెలియదు. ఇప్పుడు మీట నొక్కిన ఇంజను కదలును. అప్పుడు బండి ముందు నిలిచి ఇనుప హ్యాండిలును ఇంజనులో దూర్చి బలముగాఁ ద్రిప్పవలెను. నిప్పురవ్వ ముందుగాఁ బడినచో ఇంజను వెనుకకుఁ దన్నును. హ్యాండిలు చుట్టు బొటనవ్రేలు చుట్టి పట్టినవాని మణికట్టు విఱుగును. అందుకే బొటనవ్రేలిని మిగిలిన వ్రేళ్ల వైపే యుంచి, క్రిందినుండి పైకి లాగవలెనని పాత మేస్త్రీలు క్రొత్తవానికి మొట్టమొదట నేర్పెడివారు. ఎత్తెక్కునపుడు నీరు మరగును. క్లీనరు డబ్బా పట్టుకొని దిగి చెఱువునకుఁ బరుగెత్తవలెను. రెండవ యుద్ధకాలమునఁ బెట్రోలు కఱవైనపుడు బస్సుల వెనుక నొక పొయ్యి వంటి డ్రమ్మును కట్టి, అందులో బొగ్గు రాఁజేసి, గాలి తక్కువగా నిచ్చి, వచ్చిన వాయువుతో ఇంజను నడిపిరి. వాటినే బొగ్గు బస్సులనిరి. తెల్లవాఱక ముందే లేచి పొయ్యి రాఁజేయుట క్లీనరు పని. పెట్రోలునకున్న బలము ఆ వాయువునకు లేదు గనుక, ఎత్తు వచ్చినచోట ప్రయాణికులు దిగి త్రోయుటయుఁ గలదు.

స్వరాజ్యము వచ్చిన పిదప ఇంగ్లీషు బండి మన దేశపు బండిగా మాఱెను. మీరందఱెఱిఁగిన అంబాసిడరు మఱేమియుఁ గాదు. ఆక్స్‌ఫర్డు నగరపు మోరిస్ ఆక్స్‌ఫర్డు బండియే. కలకత్తా దగ్గఱి ఉత్తర్‌పారాలో దానిని 2014 వఱకుఁ జేసిరి. 1961 నుండి మద్రాసులో స్టాండర్డు హెరాల్డు అను చిన్న కారు తయారయ్యెను. అది ఇంగ్లాండులోని ట్రయంఫ్ హెరాల్డే. దాని చట్రమును కుఱుచ చేసియే 1962లో స్పిట్‌ఫైర్ అను ప్రసిద్ధమైన స్పోర్ట్సు కారును అచ్చట నిర్మించిరి. రెంటికిని రూపము గీసినవాఁడు ఇటలీ దేశపు మిచెలొట్టి. ఇంగ్లాండువారు పండుగలలో మురిసిపోవు స్పోర్ట్సు కారుకు దాయాది మన సడక్కుపైననే తిరిగినదన్న మాట.

ఇఁక బుల్లెట్టు మోటారు సైకిలు. దాని జన్మస్థలము ఇంగ్లాండులోని రెడిచ్ పట్టణము. 1955లో మద్రాసున దాని నిర్మాణ మారంభమయ్యెను. కొన్నాళ్లకు ఇంగ్లాండులోని కార్ఖానా మూఁతపడెను గాని మద్రాసుది నిలిచెను. ఇప్పుడు ఇంగ్లాండువారే ఇక్కడి బుల్లెట్టును కొనుచున్నారు. జాగ్వారు కంపెనీని 2008లో మన టాటావారు కొనిరి. ఆబింగ్డను కార్ఖానా 1980లో మూఁతపడెను; ఎం.జి. పేరు చీనా కంపెనీ చేతికిఁ బోయి, 2019 నుండి ఆ పేరుతో గుజరాతులోని హాలోలున బండ్లు తయారగుచున్నవి. ఓడలు బండ్లు, బండ్లు ఓడలు అగుట యనఁగా నిదియే.

పెద్దలారా! ఇప్పుడు మొదటి మాటకు వచ్చెదను. ఆ యభిమానుల చేతిలో ఫొటోలున్నవి. ప్రతి ఫొటో వెనుక పేరు, తేదీ, ఊరు వ్రాసియుండును. మన మాట యేమి?

దొర కారు ప్రక్క నిలిచిన ఫొటో దొరికినచో దొర పేరు అందఱికిఁ దెలియును. హ్యాండిలు పట్టుకొని ఒక మూల నిలిచినవాని పేరు ఎవరికిఁ దెలియును? ఆ బండిని బ్రతికించినవాఁడు అతఁడే. మోటారు పని నేర్చినవారిలో వడ్రంగి, కమ్మరి యిండ్లనుండి వచ్చినవారు గలరు. ఇంగ్లీషు అక్షరము రాకయే ఇంగ్లీషు ఇంజను విప్పి బిగించిన చేతులవి. వారి చరిత్ర ఏ పుస్తకమునను లేదు. ఉన్నది మీ నాలుకపై మాత్రమే.

మఱియొక రకపు ఫొటో గలదు. జాతరలలో ఫొటో తీయువారు అట్టపైనో చెక్కపైనో మోటారుకారు బొమ్మ వ్రాయించి నిలిపెడివారు. దాని వెనుకఁ గూర్చుండి, లేని చక్రమును పట్టుకొని, కొత్త దంపతులును అన్నదమ్ములును పటము తీయించుకొనిరి. దానిని చూచి మనుమలు నవ్వుదురు. నవ్వవలదని చెప్పుఁడు. తాత కారు కొనలేదు. కాని కారులోఁ గూర్చుండుట తనకుఁ దగదని తలంపలేదు. వెట్టి పరుగు పరుగెత్తినవాని కొడుకు కారు చక్రముపై చేయి వేసి పటము తీయించుకొనుట చిన్న సంగతి కాదు. అట్టకారే కావచ్చును, ఆ ధైర్యము అట్టది కాదు.

కావున మీకొక మనవి. ఇంటికిఁ బోయి పెట్టె తెఱువుఁడు. అందులోని పటములను వెలుఁగులో నుంచి చూడుఁడు. ఒక్కొక్కదాని వెనుక మెత్తని పెన్సిలుతో, గట్టిగా నొక్కక, పేర్లు వ్రాయుఁడు. సిరా వలదు, అది ముందు వైపునకు దిగును. ముఖ్యునితోపాటు మూల నిలిచినవాని పేరు గూడ వ్రాయుఁడు. ఏ ఊరు, ఏ కాలము, ఏ బండి అన్నది చేర్పుఁడు. తేదీ తెలియనిచో ఏ కఱవునకు ముందు, ఎవరి పెండ్లి తరువాత అని వ్రాసినను చాలును. పటమును బంకతో అంటింపకుఁడు. చెమ్మ తగులనిచోటఁ, బొడి కాగితములో చుట్టి యుంచుఁడు. మనుమని ఫోనులో నకలు తీయించుఁడు గాని అసలును పాఱవేయకుఁడు. ఫొటో లేనివారు విచారింపవలదు. మొదటి బస్సు మీ ఊరికి వచ్చిన దినమును, దానిని తోలినవానిని, అది యాగిన చెట్టును గూర్చి ఒక కాగితముపై నాలుగు వాక్యములు వ్రాయుఁడు. లేదా బడిపిల్లవానికి చెప్పి వ్రాయింపుఁడు.

సింహాసనపు బండిని కాచుటకు భవనమున్నది, కావలివాఁడున్నాఁడు. బొగ్గు బస్సు క్లీనరు పేరును కాచుటకు మీరు తప్ప వేఱొకరు లేరు. ఆ పేరు మీతోఁ బోయినచో మరల రాదు. నేఁటి రాత్రియే ఒక్క పటము వెనుక ఒక్క పేరు వ్రాయుదురని నమ్మి, సెలవు తీసికొనుచున్నాను.